రెండో మలుపు

ఆ రోజు ఇంట్లో ఉన్నది బుజ్జి, ఆమె అక్క, బావ, పియానో శ్రుతి చేసే పెద్దాయన, ఉయ్యాల్లో నిద్రపోతున్న అక్క మనవరాలు. బుజ్జి అంటే చిన్నపిల్ల అనుకునేరు. తల ముగ్గుబుట్టయిన మనిషి. పెద్ద పెద్ద హాళ్లలో పియానో వాయించి, దేశాలు చుట్టి వచ్చిన మనిషి. బయట అందరూ ఆమెను మేడమ్ అంటారు. ఇంట్లో మాత్రం ఇప్పటికీ బుజ్జే.

కచేరీ ముందు రోజు ఆమెకొక పద్ధతి ఉంది. మర్నాడు వేసుకోబోయే నల్లగౌను, బూట్లు వేసుకుంటుంది. ఇంట్లోవాళ్లను ముందుగదిలో కూర్చోబెట్టి కచేరీ మొత్తం వాయిస్తుంది. తప్పు పడినా ఆగదు. ఆమె లేచేదాకా ఎవరూ దగ్గకూడదు. అందుకని బావ ముందే మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, పరీక్షకు పోయే పిల్లాడిలా బుద్ధిగా కూర్చుంటాడు.

ఆమె ఎదురుగా ఎప్పుడూ స్వరాలు రాసిన కాగితం ఉండదు. స్కూల్లో మూలనపడిన పాత పియానో మీద నేర్చుకున్న రోజుల నుంచీ అంతే. ఒకసారి చూస్తే వేళ్లకు ఎక్కిపోయేది. పత్రికలవాళ్లు ఆమె గురించి ఏది రాసినా ఆ మాటతోనే మొదలుపెట్టేవాళ్లు. ఆమె కూడా ఆ మాట చదివాకే మిగతాది చదివేది.

చివర్లో వాయించే సొనాటా అనే పెద్ద రచనలో ఒక పాట రెండుసార్లు వస్తుంది, మొదట్లో ఒకసారి, ముగింపుకు ముందు ఒకసారి. రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. ఎడమచెయ్యి కిందికి దిగే ఒక్కచోట మాత్రం దారి మారుతుంది. రెండోసారి కూడా మొదటి దారే పట్టారా, మళ్లీ నడిమి భాగంలోకి పోయి, అంతా చుట్టి, మళ్లీ అక్కడికే వస్తారు.

బుజ్జి ఆ రోజు రెండోసారి కూడా మొదటి దారే పట్టింది. పట్టిన క్షణానే ఆమెకు తెలిసింది. సరే, చుట్టి వచ్చింది. ఆ మలుపు దగ్గర చేతులు మళ్లీ అటే పోయాయి. మూడోసారి ఎలాగో బయటపడి, ముగించి లేచింది.

బావ పట్టి ఉంచిన దగ్గంతా ఒక్కసారే దగ్గాడు. ఉయ్యాల్లో పిల్ల కదిలి మళ్లీ పడుకుంది.

"బ్రహ్మాండం మరదలా," అన్నాడు. "ఈసారి నిడివి కాస్త ఎక్కువుంది. కొత్తగా ఏమన్నా కలిపావా?"

"పై తీగలు బాగానే శ్రుతిలో నిలబడ్డాయమ్మా," అన్నాడు శ్రుతి చేసే పెద్దాయన. ఆయన ధ్యాసంతా తీగల మీదే.

"కలపనూ లేదు, తీయనూ లేదు," అంది అక్క, ఒళ్లోని ఉతికిన బట్టలు మడతపెడుతూ. "గానుగెద్దులా తిరిగింది. పోయిన నెలలోనూ ఒకసారి తిరిగావు బుజ్జీ. నేనే ఊరుకున్నాను."

బుజ్జి పియానో మూత దించింది. "రేపు తిరగను."

"తిరగవని నీకు నమ్మకముందా?"

బుజ్జి వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టింది.

"స్వరాల పుస్తకం ఎదురుగా పెట్టుకుని వాయించు."

"నేనా?"

"నువ్వు కాకపోతే మీ బావా?"

"ఒకసారి మనం కచేరీకి వెళ్తే, అక్కడ వాయించిన ముసలాయన గుర్తున్నాడా అక్కా? పుస్తకం పెట్టుకుని వాయిస్తే, వంటల పుస్తకం చూసి వండుతున్నాడని నీ చెవిలో చెప్పాను. రేపు నా గురించీ ఎవరో అలాగే అంటారు."

"అంటారు. ఆ రోజు ఆయన వంట బాగానే తిన్నావుగా. కళ్లు తుడుచుకుంటూ మరీ."

బావ నవ్వబోయి, మరదలి ముఖం చూసి మానుకున్నాడు.

"ఒంట్లో బాగాలేదని కబురు చేస్తాను," అంది బుజ్జి.

"చెయ్యి. రేపు ఒంట్లో బాగోదు. వచ్చే నెల చేతులు బాగోవు. ఆ తర్వాత ఈ పియానో మీద దుప్పటి కప్పేద్దాం. నాకూ బట్టలు ఆరేసుకోవడానికి చోటు దొరుకుతుంది."

బుజ్జి కబురు చేయలేదు.

మర్నాడు సాయంత్రం హాల్లో మొదటి సగం నల్లేరు మీద బండిలా సాగిపోయింది. విరామంలో వేదిక వెనక చిన్నగదిలో కూర్చుని బుజ్జి బల్ల మీద వేళ్లతో ఆ మలుపు వాయించి చూసుకుంది. ఒకసారి సరిగ్గా వచ్చింది. ఇంకోసారి రాలేదు. మళ్లీ చూద్దామంటే భయమేసింది. అక్క పక్కనే సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. సంచీలో ఏముందో ఇద్దరికీ తెలుసు.

"మేడమ్, టైమైంది," అన్నాడు హాలు మనిషి.

అతను వేదిక తలుపు తెరిచి పట్టుకున్నాడు. దీపాల వెలుగు కాళ్ల దాకా వచ్చింది. బుజ్జి గడప దగ్గర ఆగి చెయ్యి చాచింది.

"ఇలా ఇవ్వక్కా."

అక్క పుస్తకం తీసి ఇచ్చింది.

"నువ్వూ రా. పేజీలు తిప్పుదువుగాని."

"నాకా స్వరాల చుక్కలు చదవడం ఎక్కడొచ్చు? నాకున్నది చెవులే."

"మరెవరు తిప్పుతారు?"

"నువ్వే. ఏ చెయ్యి ఖాళీ అయితే దాంతో తిప్పుకో."

"అందరూ చూస్తారే."

"చూడ్డానికేగా వచ్చారు. నడు."

బుజ్జి పుస్తకాన్ని గుండెకు ఆనించుకుని గడప దాటింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి చూసింది. అక్క హాలు మనిషిని పక్కకు జరగమని, తలుపు మూసేసింది.