గిన్నికోళ్లు నడిచొచ్చిన ఉదయం

ఆయన సంచి నేనే సర్దుతున్నాను. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ఎక్కడికి వెళ్లినా సంచి సర్దేది నేనే, ఏదో ఒకటి మర్చిపోయానని తిట్లు తినేదీ నేనే. నా చిన్నప్పుడు ఆసుపత్రికి బయలుదేరుతూ మా అమ్మ తన సంచిని ఇలాగే మంచం మీద నోరు తెరిచి పెట్టింది. ఆ తర్వాత ఆ సంచి ఒక్కటే ఇంటికొచ్చింది. అప్పటి నుంచీ మంచం మీద తెరిచి ఉన్న సంచి కనిపిస్తే నాకు కాళ్లూ చేతులూ ఆడవు. చొక్కా మడిచి పెడతాను, మళ్లీ తీస్తాను. గ్యాసు కట్టేశానా అని వంటింట్లోకి వెళ్లి చూసొస్తాను. వచ్చేసరికి ఏం పెట్టానో మర్చిపోతాను.

"ఆ తువ్వాలు కాదే, నీలంది పెట్టు," అన్నారు ఆయన గడ్డం గీసుకుంటూ, అద్దంలోంచే. "నీ సంచి అయిందా?"

"సగం అయింది."

"పదింటికల్లా కారొస్తుంది. ఆ సగం కూడా కానియ్."

ఆయన కలప డిపోలో సూపర్‌వైజరుగా చేసేవారు. డిపో మూతపడి చాలాకాలమైంది. అమ్ముడుపోని దుంగలకు కాపలాగా ఉండమని యజమాని ఈ వెనకింట్లో మమ్మల్ని ఉండనిచ్చాడు. ఇప్పుడు ఆయన స్నేహితుడొకడు పట్నంలో లాడ్జి పెట్టి, మేనేజరుగా రమ్మని పిలిచాడు. పైన ఒక గది ఇస్తాడట. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు. ఫోన్లో ఆ స్నేహితుడితో అంటుంటే పక్కగదిలోంచి విన్నాను. "మా ఆవిడకేముందిరా, ఎలాగూ వండేదేగా! ఇద్దరికి వండేది పదిమందికి వండుతుంది. వేరే వంటమనిషెందుకు నీకు?" అని నవ్వుతున్నారు. ఆ నవ్వు చాలాసేపు నా చెవుల్లోనే ఉండిపోయింది. ఇంతకాలం నేను చేసినదానికి ఇంట్లో పేరంటూ లేదు. దానికి మొదటిసారి వంటమనిషి పనని ఒక పేరొచ్చిందనుకుంటే, అది జీతమిచ్చే వంటమనిషిని మాన్పించడానికి పనికొచ్చింది.

మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "నాన్న ఒక్కడే ఎలా ఉంటాడమ్మా? వెళ్లు. అయినా ఆ డిపోలో ఏం చేస్తావు, ఆ కోళ్లూ నువ్వూనూ," అంది. ఫోన్ పెట్టేశాను. చదవడం నేను దాని పక్కన కూర్చుని, దాని పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. ఆ అమ్మాయికి కూడా వాళ్ల నాన్న ఒక్కడే ఎలా ఉంటాడన్నదే ముందు తట్టింది.

ఆ కోళ్లు మామూలు కోళ్లు కావు, గిన్నికోళ్లు. ఒళ్లంతా బూడిదరంగు మీద తెల్ల చుక్కలు, బోడితల, చెంపల కింద వేలాడే ఎర్ర తోలు. డిపో చుట్టూ మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలో పాములు. ఒకసారి బాత్రూము గుమ్మంలోనే పాము కనబడితే, గిన్నికోళ్లుంటే పాములు రావని వార్తాపత్రికలో ఎప్పుడో చదివిన ముక్క గుర్తొచ్చి, సంతలో వీటి పిల్లల్ని కొన్నాను. "ఇవేం కోళ్లే, ముసలి గద్దల్లా ఉన్నాయి!" అన్నారాయన. ఉంటే ఉండనీ. పాము కనిపిస్తే చుట్టూ మూగి అరిచి అరిచి తరిమేస్తాయి. మిడతల్నీ పిడుదుల్నీ ఏరుకు తింటాయి. నాటుకోళ్లలా నా కూరపాదులు తవ్విపొయ్యవు. అరుపే వాటి జబ్బు. తెలియని మనిషొస్తే అరుపు, కొత్త బకెట్టు పెడితే అరుపు, నేను జడ వేసుకోకుండా బయటికొచ్చినా అరుపే. పెట్టేదో పుంజేదో చూస్తే తెలియదు, గొంతు వినాలి. రెండు ముక్కలుగా అరిచేది పెట్ట. ఆయనకు ఇప్పటికీ తెలియదు. "అన్నీ ఒకటే గోల, ఆడదాని నోరులాగా," అంటారు. నా నోరు ఆయన ఎప్పుడు విన్నారో నాకు గుర్తులేదు.

గుడ్లు మాత్రం దాచుకుంటాయి. అన్ని పెట్టలూ కలిసి ఒకే పొదలో పెడతాయి. అక్కడ మనిషి చెయ్యి పడ్డట్టు పసిగట్టాయంటే ఆ చోటు వదిలేస్తాయి. అందుకే పొడుగుకాడ గరిటెతో తీస్తాను, కొన్ని అక్కడే వదిలేస్తాను. తీసినవి బేకరీకి ఇస్తాను. గట్టి పెంకు, చిన్న గుడ్డు. బేకరీ ఆయన ఒక్కటి కూడా తిప్పి పంపలేదు.

నిన్న సాయంత్రం గుడ్లిచ్చి ఇంటికొస్తే పెరడు నిశ్శబ్దంగా ఉంది. షెడ్డు దూలాల మీద ఒక్కటీ లేదు.

"పాలాయన పట్టుకెళ్లాడు," అన్నారాయన టీవీ వైపే చూస్తూ. "గోనెల్లో వేసిచ్చాను. ఊరికే ఇచ్చానులే, ఏమీ తీసుకోలేదు. లాడ్జికి కోళ్లతో వెళ్తామా ఏంటి?"

"నాకొక మాట చెప్పొచ్చుగా."

"చెబితే ఇవ్వనిచ్చేదానివా?"

అదీ నిజమే. ఒక్క పెట్ట మాత్రం వాళ్లకు దొరకలేదు. దుంగల వెనక పొదలో పొదుగుతోంది, కదలదు, పలకదు. అక్కడుందని ఆయనకు తెలియదు. పిల్లలు లేచేరోజు దగ్గరపడింది. గిన్నికోడి మంచి తల్లి కాదు. తెల్లారగానే పిల్లల్ని తడిగడ్డిలో పడి ఈడ్చుకుపోతుంది, తడిసిన పిల్లలు చచ్చిపోతాయి, అది వెనక్కి కూడా చూడదు. వాటిని తీసి వెచ్చగా డబ్బాలో పెట్టే మనిషి ఉండాలి. రాత్రంతా దొర్లుతూ ఇదే ఆలోచన. పిల్లలు లేచేసరికి నేను ఎక్కడో మూడో అంతస్తులో పదిమందికి వండుతుంటాను.

ఇప్పుడు నీలం తువ్వాలు వెతుకుతున్నదాన్నల్లా ఆగిపోయాను. దూరంగా, రోడ్డు వైపు నుంచి అరుపులు. గేటు దగ్గరికి పరుగెత్తాను. నా వయసులో దాన్ని పరుగనరేమో. రోడ్డు పక్కన వరసగా, ఒకదాని వెనక ఒకటి, బడికి వెళ్లే పిల్లల్లా నడిచొస్తున్నాయి. సైకిలు మీద వెనకాలే పాలాయన, రొప్పుతూ.

"ఏం కోళ్లక్కా ఇవి! తెల్లారి తలుపు తీశానో లేదో, ఒక్కటైనా ఆగితేగా!"

"కొత్తచోట అయిదారు వారాలు లోపల పెట్టి మేపాలి తమ్ముడూ. లేకపోతే పాత ఇంటికే వస్తాయి. ఎవరూ చెప్పలేదా?"

"పెద్దాయన గింజలేస్తే చాలన్నారు. మళ్లీ పట్టుకోమంటావా?"

"ఇక్కడే ఉండనీ."

"మరి మీరు వెళ్లిపోతున్నారంటగా?"

నేను గేటు బార్లా తీశాను. కోళ్లు నన్ను దాటుకుని తిన్నగా షెడ్డు కిందికి పోయి, వచ్చేశామని ఊరంతటికీ చాటుతున్నాయి. ఆయన స్నానానికెళ్లారు. నేను ఫోన్ తీసి డిపో యజమాని నంబరు నొక్కాను. ఇన్నేళ్లలో అతనితో నేను మాట్లాడటం అదే మొదలు.

"మావారు వెళ్తున్నారండీ. నేను కాపలాకి ఉండొచ్చా?"

"ఒక్కదానివేనా?" అన్నాడాయన. వెనకనుంచి అరుపులు విన్నట్టున్నాడు, నవ్వాడు. "ఆ గోలున్నంత కాలం అక్కడికెవడొస్తాడమ్మా! ఉండు."

కారొచ్చేసరికి నా సంచి ఖాళీ చేసి బట్టలు అలమరాలో పెట్టేశాను. ఆయన చెప్పులేసుకుంటూ చుట్టూ చూశారు.

"నీ సంచేదే?"

"లోపల పెట్టేశానండీ. నేను రావటం లేదు."

"రావటం లేదా? మరి అక్కడ వంట?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ముందు అడిగింది అదే. "వంటమనిషిని పెట్టుకోమనండి."

"కోళ్ల కోసం మొగుణ్ని వదిలేసేదాన్ని నిన్నే చూస్తున్నా!"

"వదిలెయ్యటం లేదు. మీరు వెళ్తానన్నారు, వెళ్తున్నారు. నేను ఉంటానన్నాను, ఉంటున్నాను. ఆదివారాలు రండి, వండి పెడతాను."

"లాడ్జికి ఆదివారాలేంటే, పిచ్చిమొహమా!" కారెక్కి తలుపు గట్టిగా వేశారు. అద్దం దించి, "నాలుగు రోజులు పోనీ, నువ్వే వస్తావు," అన్నారు. డ్రైవరు నా మొహం చూడకుండా హారన్ కొట్టాడు. కోళ్లన్నీ ఆ తెల్లకారు వెంటపడి గేటు దాకా అరుస్తూ పోయాయి. నేను గేటు గొళ్లెం వేశాను, పడిందా లేదా అని మళ్లీ చూశాను. అప్పుడు దుంగల వెనక్కి వెళ్లాను, పొదలో పెట్టని చూడటానికి.

ఆయన తిరిగి రాలేదు. మరుసటి ఏడు ఎండాకాలం మొదట్లో, ఒక మంగళవారం మధ్యాహ్నం, ఆ లాడ్జి కౌంటరు వెనక కుర్చీలోనే పోయారు.