ఓర్పు నంబరు

మా ఇంట్లో పెట్రోలు పోయించడం మగపని. అంట్లు తోమడం, బట్టలు ఆరేయడం, పిల్లల ముక్కులు తుడవడం ఆడపనులని పైకి ఎవరూ అనరు, కానీ ఎలాగో తిరిగి తిరిగి నా చేతికే వస్తాయి. పెట్రోలు మాత్రం ఆయనదే. ఆదివారం పొద్దున్నే ముందు తన కారూ, తర్వాత నా కారూ బంకుకి తీసుకెళ్ళి, టైర్లలో గాలి కూడా కొట్టించుకొచ్చి, సోఫాలో కూలబడి "రెండు బళ్ళూ రెడీ" అని ప్రకటిస్తారు. వారమంతా నేను చేసే పనులకి ప్రకటనలు ఉండవు కాబట్టి, ఆ ఒక్క మాటతో ఇంటి చాకిరీలో సగం ఆయనే చేసేసినట్టు ఉండేది. ఆయనకే కాదు, నాక్కూడా. తన కారులో ఖరీదైన పెట్రోలు, నా కారులో మామూలుది. "నువ్వు తిరిగే తిరుగుళ్ళకి ఇది చాల్లే" అనేవారు. నా తిరుగుళ్ళంటే పిల్లల బడి, కూరల మార్కెట్టు, నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబు, ఆ పైన అత్తయ్య మోకాళ్ళకి కసరత్తు చేయించే కొండమీది సెంటరు. ఆయన కారు ఇంటి నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి ఇంటికీ వెళ్ళొచ్చేది. పాపం, దూరాభారం.

ఆ కొండ ఎక్కేటప్పుడు నా కారు టకటకా కొట్టుకునేది, రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడించినట్టు. మొదటిసారి చెప్పినప్పుడు ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే రోగం పేరు చెప్పేశారు. నా కాలు బరువట, గేరు తప్పట, ఇంజనుని ఏడిపిస్తున్నానట. మా సర్వజ్ఞులు చెప్పాక ఇంక అప్పీలెక్కడిది? అప్పటినుంచి కొండ కనబడితే చాలు, ఆ చప్పుడు కోసమే చెవి ఒగ్గి కూర్చునేదాన్ని. పక్కసీట్లోంచి అత్తయ్య, మెల్లగా పోవే తల్లీ, నా మోకాళ్ళకన్నా నీ బండే ఎక్కువ మూలుగుతోంది అనేది. స్నేహితులొస్తే ఆయనకి అదో కాలక్షేపం. మా ఆవిడ ఇల్లు చేరకముందే ఆవిడ డ్రైవింగు వినబడుతుందని నవ్వించేవారు. టీ కప్పులు అందిస్తూ నేనూ నవ్వేదాన్ని. ల్యాబులో మిషను మొరాయిస్తే మా పెద్దసారు ముందుగా చూసేది నావైపే. ఇంట్లో కారూ, అక్కడ మిషనూ. నిజంగానే నా చెయ్యి పడితే ఏదైనా పాడవుతుందేమో అనుకునేదాన్ని. అదే చేత్తో రోజూ ఎంతమందికో రక్తం తీస్తాను. సూది గుచ్చినట్టే తెలియలేదమ్మా అని ముసలివాళ్ళు దీవించి వెళ్తారు. చేతికున్న మెత్తదనం కాలికెందుకు లేదో అని తలబద్దలు కొట్టుకున్నానే గానీ, కాలికి లేదన్న మాట అబద్ధమేమో అని ఒక్కసారీ అనిపించలేదు.

అలాంటి రోజుల్లో, కారు అమ్మిన షోరూమువాళ్ళ నుంచి పిలుపొచ్చింది. రేసు ట్రాకు మీద ఒక రోజంతా మన బండి మనం నడుపుకోవచ్చు. ఫ్యాక్టరీలోంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న బళ్ళు మాత్రమే, మార్పులూ హంగులూ చేయించినవి పనికిరావు. కారు నా పేరున ఉంది కాబట్టి పిలుపూ నా పేరునే వచ్చింది. ఆయన నా ఫోను లాక్కుని చదివి, పెళ్ళిచూపుల కబురొచ్చిన కుర్రాడిలా మురిసిపోయారు. తను నడుపుతారట. నేను పిల్లల్నీ అత్తయ్యనీ వెంటబెట్టుకుని, తినడానికేమైనా చేసి పట్టుకుని, మెట్లమీద కూర్చోవాలట. నాకొచ్చింది కదండీ, నేను నడుపుతాను అన్నాను. గొంతు పీలగా వచ్చింది గానీ వచ్చింది. ఆయన కోప్పడలేదు, ముద్దుచేసినట్టు నవ్వారు.

"కొండే ఎక్కలేవు. ట్రాకా?"

ఆ నవ్వు నన్ను రాత్రంతా పీక్కుతింది. వెళ్ళకపోతే ఆ మాట నిజమని నేనే సంతకం పెట్టినట్టు. వెళ్ళి, అంతమంది ముందు బండి టకటకలాడిస్తే ఇంక జన్మలో స్టీరింగు పట్టుకోను. అయినా వెళ్ళాలనే ఉంది. తెల్లారగానే వస్తానని షోరూముకి జవాబు పెట్టేశాను.

రెండ్రోజులకి ట్రాకు మీద నేర్పే ఆవిడ ఫోను చేసింది. బ్రేకులూ టైర్లూ అడిగి, ఏ ఆక్టేను పోయిస్తున్నారండీ అంది. నాకేం తెలుసు, మావారు పోయిస్తారండీ అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఆవిడ నవ్వలేదు. పెట్రోలు మూత తెరిచి లోపల ఏం రాసుందో చూడండి, నేను లైన్లోనే ఉంటాను అంది. ఆ కారు నా దగ్గరున్న ఇన్నేళ్ళలో ఆ మూత నేను తెరవడం అదే మొదలు. లోపల చీటీ మీద తొంభై అయిదు అని ఉంది. ముందు సీటు సందులో ఆయన పడేసిన బంకు రసీదులన్నీ తొంభై ఒకటివే.

ఆవిడ నిదానంగా చెప్పింది. ఆక్టేను అంటే పెట్రోలుకున్న బలం కాదట, ఓర్పట. ఇంజను లోపల ఎంత గట్టిగా నొక్కినా, తన వంతు రాకముందే భగ్గుమనకుండా ఎంతవరకూ ఓర్చుకోగలదో చెప్పే నంబరట. ఆ లెక్కన నా నంబరు ఏ బంకులోనూ దొరకదండీ అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. నవ్వు తగ్గాక, కొండమీద టకటకల సంగతి చెప్పి, అది నా కాలి దోషమేనా అని అడిగాను.

"మీ కాలికేమైందండీ? చిన్న ఇంజను, గాలిని బలంగా లోపలికి తోసే టర్బో ఉంది, గట్టిగా నొక్కుతుంది. తొంభై ఒకటి ఆ నొక్కుడికి ఆగదు. మీరు విన్నది ఆ చప్పుడే. మీరైనా, నేనైనా, ఎవరు నడిపినా కొట్టుకుంటుంది."

ట్రాకుకి ఇంకా పెద్ద నంబరు కావాలా అంటే, మార్పులు చెయ్యని బండికి మూత మీదున్నదే మందు, తక్కువైతే దెబ్బ, మరీ ఎక్కువైతే దండగ అంది. ఫోను పెట్టేశాక పార్కింగులో కారుకి ఆనుకుని ఏడ్చాను. కోపం కూడా ఉంది, లేదనను. కానీ అంతకన్నా, ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క మాటతో నా నెత్తిమీది బస్తా దింపిందన్న కృతజ్ఞతే ఎక్కువ.

టాంకులో ఉన్న మామూలుది దాదాపు అయిపోయేదాకా తిరిగి, బంకుకి నేనే వెళ్ళి తొంభై అయిదు అడిగాను. సారు పోయించేది ఇది కాదు కదండీ అన్నాడు పోసేవాడు. బండి నాది, తొంభై అయిదు పొయ్యి అన్నాను. ఆ మర్నాడు అత్తయ్యని ఎక్కించుకుని కొండ ఎక్కుతుంటే ఊపిరి బిగబట్టాను. మొదటి మలుపు, రెండో మలుపు, నిలువు ఎక్కుడు. చప్పుడు లేదు. అత్తయ్య ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. మిషను మోత బట్టి సూది మొద్దుబారిందో లేదో చెప్పేస్తుంది. సెంటరు ముందు దిగుతూ ఆగింది.

"ఇవాళ నీ బండి దగ్గలేదేమే?"

ఉన్నదున్నట్టు చెప్పాను.  తిరిగి ఇంటికొచ్చేదాకా ఆవిడ అద్దంలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ట్రాకుకి అందరం వెళ్ళాం. ఆయన డిక్కీలోంచి ఒక డబ్బా తీశారు. రేసు బళ్ళలో పోసే పెట్రోలట, నూరు దాటిన నంబరట, ఎవరో స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చారట, పోస్తే నా బండి రాకెట్టేనట. ఆ ముఖంలో చిన్నపిల్లాడి ఆనందం చూస్తే జాలేసింది కూడా. డబ్బా కింద పెట్టి, తాళం కోసం చెయ్యి చాపారు. అలవాటు ఎంత చెడ్డదంటే, నా చెయ్యి నన్నడక్కుండానే తాళం తీసి ఆయనవైపు వెళ్ళిపోయింది.

"దానికి చెవుందిరా, నీకు నోరుంది," అంది అత్తయ్య, మడతకుర్చీలోంచి లేవకుండానే. "తాళం దాని దగ్గరే ఉండనీ."

నా చెయ్యి ఆగింది. తాళం గుప్పిట్లో బిగించాను. ఆ డబ్బా నా బండికి అక్కర్లేదండీ, దానికి కావలసింది పోసే తెచ్చాను, నడిపేది నేనే అన్నాను. ఈసారి గొంతు పీలగా రాలేదు. ఆయన అమ్మవైపు, నావైపు, డబ్బావైపు చూశారు. తర్వాత మా చిన్నదానికి దాహమేస్తే నీళ్ళ సీసా ఎక్కడుందని అడిగారు. నీలం సంచీలో అని చెప్పాను.

తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు మాటలు చాలవు. నేర్పే ఆవిడ పక్కన కూర్చుని, చూపు మలుపు చివర పెట్టండి, కాలు దానంతటదే వస్తుంది అంది. వచ్చింది. తిన్నటి దారిలో పెడలు నేలకి ఆనేదాకా తొక్కాను. పెళ్ళయ్యాక దేన్నైనా చివరికంటా తొక్కింది అదేనేమో. ఇంజను గొంతెత్తింది, ఎక్కడా తడబడలేదు. మీ కాలు ఎంత తేలికండీ అందావిడ. హెల్మెట్టు లోపల కళ్ళు తుడుచుకునే వీల్లేక అలాగే నడిపాను. ఆవిడకీ, ఆ కారుకీ, నా రెండు కాళ్ళకీ పేరుపేరునా దండం పెట్టాలనిపించింది.

ఆఖరున ఇంటివాళ్ళని ఎక్కించుకుని నెమ్మదిగా తిరగడానికి వదిలారు. ఆయన లేవబోతుంటే, అత్తయ్య అప్పటికే కర్ర ఊతంతో వచ్చి పక్కసీట్లో కూర్చుంది. ఆవిడకి హెల్మెట్టు బిగించాను. అందులో ముఖం ఇంతే కనబడుతోంది. సగం చుట్టు అయింది.

"ఇన్నాళ్ళూ నీకు నడపడం రాదనే అనుకున్నానే," అంది. "వాడితోపాటు నేనూ అన్నాను. ఒక్కనాడైనా కాదనలేదేం నువ్వు?"

"నేనూ అదే అనుకున్నాను అత్తయ్యా."

 ఆవిడ గేరు మీదున్న నా చేతిమీద తన చెయ్యి వేసింది.

"ఇంకో చుట్టు తిప్పు," అంది.