అమ్మ మీద ఒట్టేసి నింపించుకున్న గాలి

దసరా పొద్దున్నే అమరేందర్ కారు పంక్చర్ షాపు ముందు ఆగగానే మెర్సీకి ఒళ్ళు మండింది. ఆ కారు డిక్కీలో ఏముంటుందో ఆమెకు తెలుసు. తుపాకి ఉంటుంది. గాలి తుపాకే కావచ్చు, దాన్ని పట్టుకున్నవాడి చెయ్యి మాత్రం ఊరికే ఉండదు.

షాపు ఆమె తండ్రి బాలస్వామిది. నార్కట్‌పల్లి దాటి నకిరేకల్ వైపు పోతుంటే హైవే పక్కనే రేకుల షెడ్డు. ముందు లారీ టైర్లు, వెనక ఒక మూలన గుడ్డ కప్పి చిన్న కంప్రెషర్. చూడ్డానికి సూట్‌కేసంత ఉంటుంది. కారు బ్యాటరీకి క్లిప్పులు తగిలిస్తే నడుస్తుంది. కానీ లారీ టైరుకు పట్టే గాలి దాని ముందు ఉఫ్‌మని ఊదినంత కూడా కాదు. మెర్సీ ఆడే ఆటకు అలాంటి గాలే కావాలి. పది మీటర్ల దూరంలో కాగితం మీది చుక్కను కొట్టే ఎయిర్ రైఫిల్ ఆట అది. వచ్చే వారం హైదరాబాదులో రాష్ట్ర జట్టుకు సెలెక్షన్లు. ఆ మిషన్ లేకపోతే ఆమెకు సాధన లేదు, సాధన లేకపోతే సెలెక్షన్ లేదు. బాలస్వామి దాన్ని ఎలా తెచ్చాడో ఎన్నిసార్లు అడిగినా చెప్పడు.

తెచ్చిననాడు బాగానే ఉంది. తర్వాత, ఫలానా చోట గాలి తుపాకుల ట్యాంకుల్లో గాలి నింపుతున్నారని చుట్టుపక్కల పాకింది. తోటలున్నవాళ్ళు, సరదారాయుళ్ళు ఒక్కొక్కరే రాసాగారు. వేటగాళ్ళకు నింపేది లేదని మెర్సీ కరాఖండిగా చెప్పింది. బాలస్వామికి అది మింగుడు పడలేదు. ఎండలో ఎవడు టైరు దొర్లించుకుంటూ వచ్చినా లేదనకుండా గాలి కొట్టిన మనిషి. ట్యాంకు తెచ్చినవాడు కూడా ఆయన కంటికి అలాంటివాడే.

"అన్నా, గాలి దేనికి?" అని అమరేందర్‌ను అడిగింది మెర్సీ.

"కోతులే, ఇంక దేనికి? బత్తాయి తోట ఆగమాగం చేస్తున్నయి. కొట్టను గని జర బెదిరిస్త."

"పిట్టల జోలికి పోతే?"

"మా అమ్మ మీద ఒట్టు మెర్సీ. కోతులకే."

కన్నతల్లి మీద ఒట్టేశాక ఇంకేం అడుగుతుంది? ఒట్టు తప్పితే ఆ తల్లి ప్రాణానికే చేటని ఆ ఊళ్ళో పసిపిల్లలు కూడా నమ్ముతారు. చర్చికి వెళ్ళే మెర్సీ కూడా ఆ ఒక్క విషయంలో ఊరి మనిషే. పైగా అమరేందర్ తల్లి సుగుణమ్మ అంటే ఊరందరికీ గౌరవం. ఆ తల్లి పేరు చెప్పుకునే ఈయన సర్పంచ్ కావాలని తిరుగుతున్నాడు.

మెర్సీ క్లిప్పులు తగిలించింది. మిషన్ వేడెక్కకుండా బకెట్లో నీళ్ళు పెట్టింది. గొట్టాన్ని తుపాకి ట్యాంకుకు బిగించి స్విచ్ వేసింది. షెడ్డు రేకులు అదిరిపోయేలా మోత. గేజీ ముల్లు మెల్లగా లేచింది. మధ్యలో రెండుసార్లు ఆపి గాలిలో చేరిన తడిని బయటికి వదిలింది. అలా వదలకపోతే ట్యాంకు లోపల తుప్పు పడుతుంది. ఎవడి ట్యాంకైనా సరే, పని మాత్రం పనిలాగే చేస్తుంది ఆమె. ముల్లు నిండు గీత మీదికి వచ్చాక గొట్టం విప్పి ఇచ్చింది. అమరేందర్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

పొద్దు వాలే వేళకు మళ్ళీ వచ్చాడు. నవ్వు లేదు, చొక్కా అంతా చెమట.

"మల్ల నింపు. జల్దీ."

నిండు ట్యాంకు ఒక్క పూటలో ఖాళీ అయిందంటే ఎన్ని గుండ్లు పేల్చి ఉంటాడు? కోతిని బెదిరించడానికి ఒక్కటి చాలదా? మెర్సీ మాట్లాడకుండా డిక్కీ తెరిచింది. తుపాకి పక్కన బంతిపూల దండ చుట్టిన కొత్త పంజరం ఉంది. పంజరం ఖాళీగా ఉంది. దాని వెనక గోనెసంచి. సంచి కింది నుంచి ఒక ఈక కనిపించింది. నీలం రంగు.

సంచి లాగింది. పాలపిట్ట. మెడ వాలిపోయింది, ఒక రెక్క సగం విప్పుకొని ఉంది. ఆ రెక్క మొదట్లో బఠాణీ గింజంత రంధ్రం, చుట్టూ ఎండిన నెత్తురు.

దసరా నాడు పాలపిట్ట కంటపడితే ఏడాదంతా మంచి జరుగుతుందని ఊళ్ళకు ఊళ్ళే పొలిమేరకు వెళ్ళి ఆకాశం వంక చూస్తాయి. అది ఎగిరితే చాలు, చేతులెత్తి మొక్కుతారు. అలాంటి పిట్టను, అదీ దసరా నాడే, కొట్టి చంపి గోనెసంచి కింద పెట్టుకున్నాడు ఈ మహానుభావుడు.

"ఏందే అన్నా ఇది?" మెర్సీ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"మా అమ్మకు మూడేండ్ల నుంచి పిట్ట కనిపిస్తలేదు. ఇయ్యాల కనపడేదాక ముద్ద ముట్టనని కూసున్నది. సాయంత్రం జమ్మి కాడ ఊరందరికి సూపిస్త అని నేను గూడ చెప్పిన. రెక్కకు తాకిచ్చి పట్టుకుందామనుకున్న. జర లోపలికి తాకింది. సబ్‌స్టేషన్ కాడ తీగె మీద ఇంకోటి ఉన్నది. పొద్దు పోకముందే పోవాలె, నింపు."

"అమ్మ మీద ఒట్టేసినవు గదనే!"

"ఒట్టుదేముంది తియ్. అమ్మ కోసమే గద."

మెర్సీకి చెంప పగలగొట్టాలనిపించింది. పొద్దున తన చేతులతోనే గొట్టం బిగించింది, తన చేతులతోనే తడి వదిలింది. ఆ గాలే ఈ రంధ్రం చేసింది. వాడి మీద కోపం ఒకెత్తు, నమ్మినందుకు తన మీద తనకే వచ్చిన కోపం ఇంకో ఎత్తు.

"నింప. ఏం చేసుకుంటవో చేసుకో. ఫారెస్టోళ్ళకు చెప్త."

అమరేందర్ గొంతు తగ్గించాడు. "చెప్పు. గాలి ఎవరు పట్టిండ్రు అని అడుగుతరు. ముందుగాల ఎత్తుకపోయేది నీ మిషనే. దాని ఎనక నీ రైఫిల్. సెలెక్షన్ ఎన్నడు? వచ్చే వారమే గద?"

అంతవరకూ టైరు మీద కూర్చున్న బాలస్వామి లేచి వచ్చాడు. "బిడ్డా, పండుగ పూట లొల్లెందుకు? సచ్చిన పిట్ట లేస్తదా? ఈ ఒక్కసారి నింపియ్యి. నీ సెలెక్షన్ గానియ్యి."

"నీకు గూడ సిగ్గు లేదా బాపు!"

తండ్రిని అంత మాట ఎన్నడూ అనలేదు. బాలస్వామి తల దించుకొని తనే బ్యాటరీ క్లిప్పుల కోసం వంగాడు. మెర్సీ నీళ్ళ బకెట్‌ను కాలితో తన్నింది. నీళ్ళన్నీ మట్టిలో కలిసిపోయాయి. నీళ్ళు లేకుండా నడిపితే మిషన్ కాలిపోతుందని బాలస్వామికి తెలుసు, ఆగిపోయాడు. మెర్సీ పిట్టను చున్నీలో చుట్టుకొని స్కూటీ ఎక్కింది. వెనక అమరేందర్ అరుస్తూనే ఉన్నాడు.

సుగుణమ్మ ఇంటి అరుగు మీద కొత్త చీర కట్టుకొని కూర్చుంది. పొద్దున తలకు పోసుకున్నట్టుంది, తెల్లటి జుట్టు ముడి వేయకుండా వదిలేసింది. చూపు మందగించిన కళ్ళను చికిలించుకొని అడిగింది. "ఎవరు? బాలస్వామి బిడ్డవా? కూసో. అన్నం తిన్నవా?"

దారి పొడుగునా మెర్సీ ఎన్నో మాటలు కూర్చుకుంది. తీరా వచ్చాక చున్నీ విప్పి పిట్టను ముసలమ్మ ఒళ్ళో పెట్టింది.

నీలం రంగు ఆ మసక కళ్ళకు కూడా అందింది. సుగుణమ్మ గబుక్కున రెండు చేతులూ జోడించి కళ్ళకు అద్దుకుంది. "వచ్చినవా తల్లీ!" అని మురిసిపోయి నిమురుదామని చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గిదేంది పొల్లా, సల్లగున్నది?"

అప్పటికి కారు వచ్చి వాకిట్లో ఆగింది. అమరేందర్ ఉరుకుతూ వచ్చి, "అమ్మా, దాని మాట ఇనకు" అన్నాడు.

"అది ఇంక మాటే అనలే. ఎవడు కొట్టిండ్రా?"

"నీ కోసమే అమ్మా. మూడేండ్ల నుంచి నీకు..."

"నా కోసమా? ఎగిరేదాన్ని సూస్తనన్న గని సంపి తెమ్మన్ననా? పిట్ట కనిపియ్యకపోతే ఎదురుచూస్తుంటి. ఎదురుచూసుడు గూడ పండుగే గదరా!" ముసలామె గొంతు అంత బిగ్గరగా పలకడం మెర్సీ ఎప్పుడూ వినలేదు. "తుపాకికి గాలెక్కడిది?"

"నేనే నింపిన అవ్వా." మెర్సీ చెప్పేసింది. "కోతులకన్నడు. నీ మీద ఒట్టేసిండు."

సుగుణమ్మ కొడుకు వైపు ముఖం తిప్పింది.

"నా మీదనా? అంటే పొద్దుగాల్నే నన్ను గూడ సంపినవన్నట్టు."

మెర్సీకి ఒక్క క్షణం కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎక్కువసేపు నిలవలేదు. ముసలమ్మ ఆమె వైపు తిరిగింది.

"నువ్వు మంచిదానివని నా కాడికి వచ్చినవా? గాలి నీదైతే అందుల నీ పాలు గూడ ఉన్నది. ఇంట్ల నాకు చెప్తే ఏమొస్తది? ఊరు జమ్మి కాడ ఉన్నది. నడువ్. ఆడ చెప్పు."

మెర్సీకి కోపం మళ్ళీ భగ్గుమంది. తనకెందుకీ శిక్ష? తను కొట్టిందా? ఊరి ముందు చెబితే రేపటికల్లా మిషన్ పోతుంది, రైఫిల్ పోతుంది. ఏళ్ళ తరబడి ఊపిరి బిగబట్టి చుక్కను కొట్టిందంతా వృథా. కానీ ఆ ముసలామె మాటలో తప్పు ఎక్కడుందో వెతికితే దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపం వచ్చింది. ఆ కోపంతోనే నడిచింది.

జమ్మి చెట్టు దగ్గర ఊరంతా ఉంది. అమరేందరన్న పిట్టను తెస్తాడని పిల్లలను భుజాల మీద కూర్చోబెట్టుకొని మరీ చూస్తున్నారు. సుగుణమ్మ రెండు చేతుల్లో పిట్టను పట్టుకొని వచ్చింది. ముందున్నవాళ్ళు మొక్కబోయి ఆగిపోయారు.

మెర్సీ అరుస్తున్నట్టే చెప్పింది. "అమరేందరన్న కొట్టిండు. గాలి నింపింది నేను. దేనికని అడిగిన, నమ్మిన, నింపిన. ఫారెస్టోళ్ళకు గూడ నేనే ఫోన్ చేస్త. మీరెవ్వరు దాచే పని లేదు."

"మిషన్ గుంజుకపోతరు గదనే పిల్లా! నీ ఆటెట్ల?" అని ఎవరో అన్నారు.

"పోనియ్యి!"

గుంపు చివర నిలబడ్డ బాలస్వామి తువ్వాలతో ముఖం తుడుచుకోవడం కనిపించింది. అటు చూడలేక తల తిప్పుకుంది.

ఎవరు మొదలుపెట్టారో, జనం జమ్మి ఆకు తెంపి ఒకరి చేతిలో ఒకరు పెట్టుకోసాగారు. పండుగ కదా, ఏం జరిగినా అది ఆగదు. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు ఆకు ఇచ్చి కాళ్ళు మొక్కుతున్నారు. అమరేందర్ కూడా రెండు ఆకులు తెంపాడు. అందరూ చూస్తుండగా తల్లి ముందుకు వచ్చి, వంగి, ఆకు పట్టుకున్న చెయ్యి చాపాడు.

సుగుణమ్మ రెండు చేతుల్లోనూ పిట్ట ఉంది. ఆమె దాన్ని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

"చెయ్యి ఖాళీ లేదు" అంది.