మోకాటిలోతు రేగడి

ముందు చప్పుడు వినవచ్చింది. ఖంగు, ఖంగుమని ఇనుము బండను మోదుతున్న చప్పుడు. నీళ్ళకుండ దించి కాటమ్మ పరుగెత్తింది. మోతె శివారున ఆమె చేనులో దొర జీతగాళ్ళు హద్దురాళ్ళకు గుంతలు తీస్తున్నారు.

గట్టుమీద, గొడుగు నీడన దొర. పక్కన సూర్యాపేట నుండి దిగిన అమీను. నేలలకు తరగతులు కట్టే ఘనుడు. మన్నంటకుండా బూటుమొనతో ఒక పెళ్ళను పొర్లించాడు, నలుపు చూశాడు, 'అవ్వల్ దర్జా రేగడి, దొరవారి తాతలనాటిది' అని రాసుకున్నాడు. నేలను చదవడం ముగిసింది. ఇక చాయ్ తాగడమే మిగిలింది.

ఒకప్పుడిది ఉత్త మొరం. పన్ను పడుతుందని దొరే దీనిని పనికిరాని బోడు అని రాయించి కూలివాడకు విసిరేశాడు. పదహారు వేసవులు వాడ ఆడవాళ్ళు ఎండిన చెరువులోని ఒండ్రును తట్టలతో మోశారు. గొల్ల బీరయ్య ఎరువు కోసం మంద నిలిపాడు. రాయి మన్ను కావడానికి యుగాలు పడుతుందట. వీళ్ళకు నడినెత్తి వెంట్రుకలు ఖర్చయ్యాయి.

వాడంతా గట్టుకు చేరింది. కాళ్ళు పట్టుకుని సగమన్నా అడుగుదామన్నాడు బీరయ్య. సగం ఇచ్చినవాడు రేపు ఆ సగానికీ వస్తాడన్నాడు సంగం మనిషి వీరేశం. కాటమ్మ మాత్రం గడ్డపార మోతనే వింటున్నది.

"అమీన్ సాబ్, పుట్టు రేగడిల గడ్డపార సప్పుడు లేకుంట దిగుతది. గీడ మోకాటికే ఖంగుమంటదేంది?"

ఎక్కడో ఒక రాయి తగిలి ఉంటుందన్నాడు అమీను. ఆడవాళ్ళు నవ్వారు. కొంగులు బిగించి గుంతలోకి దిగి, దాన్ని వెడల్పు చేశారు. పైన నల్లని ఒండ్రు, దాని కింద ఎర్రమొరం, అడుగున బండ. ఒండ్రు నిండా తెల్లని చెరువు నత్తగుల్లలు.

కాటమ్మ పిడికెడు గుల్లలు అమీను కాగితంమీద పోసింది. "దొర తాతలు బోడుమీద నత్తలను మేపిండ్రేమో, గది సుత రాస్కో."

వీళ్ళను తరిమికొట్టమని దొర గర్జించాడు. జీతగాడు మల్సూర్ గడ్డపారను చూశాడు, గుంతలోని తన తల్లిని చూశాడు. గడ్డపారను నేలమీద పడుకోబెట్టాడు. తక్కిన ముగ్గురూ పడుకోబెట్టారు.

పోలీసులు వస్తారని, ఒక్కరినీ మిగల్చరని అరిచాడు దొర. ఎవరూ గుంత వదలలేదు.

మోతెలో దొర పేరు ఎవరూ పలికేవారు కాదు. ఆ పేరున్న పసివాడిని సైతం ఊరు వేరే పేరుతో పిలిచేది. కాటమ్మ తలెత్తింది.

"మేం మోసిన మన్నేదో, నీ తాతల మన్నేదో, దిగి సూడు, ముకుందరావ్."