దుర్గవ్వ పాతర

గుట్టమీది ఎండుగడ్డికి అంటుకున్న నిప్పు గాలి మళ్ళడంతో కిందికి దిగి, మహేశ్వరం పక్కనున్న ఆ చిన్న పల్లెను ఒక్క మధ్యాహ్నంలో ఊడ్చిపెట్టింది. మర్నాడు శంషాబాద్ చర్చి స్త్రీల సమాజం తరఫున జయశీల, కరీం నడిపే ట్రాలీ ఆటోలో పారలు, బిందెలు, నీడకు కట్టే తాటిపత్రీలు వేసుకొని వచ్చింది. దాతలిచ్చిన బట్టల మూటలో రెండు నెక్‌టైలు, ఒక ఉన్ని స్వెట్టరు కూడా ఉన్నాయి. ఏప్రిల్ నెలలో స్వెట్టరు ఇచ్చిన పుణ్యాత్ములెవరో దేవుడే చూసుకోవాలి.

బూడిద కింద నిప్పు ఇంకా చావలేదు. అందుకని జయశీల దిగీదిగగానే అందరి దగ్గరా అగ్గిపెట్టెలు గుంజుకొని సంచీలో వేసుకుంది. బీడీలు పోయిన ముసలాళ్ళు ఆమెను ఏమీ అనలేక, వెంట వచ్చిన ఆమె భర్త మత్తయ్య వంక జాలిగా చూశారు.

ఇళ్ళలోని గింజలన్నీ బొగ్గయ్యాయి. నిన్నటినుంచి పిల్లల కడుపులో ఏమీ పడలేదు. అప్పుడు ఊళ్ళోని ముసలి దుర్గవ్వకు తన పాతర, గింజలు దాచే గొయ్యి, గుర్తొచ్చింది. ఇల్లు కాలినా వాకిట్లో భూమి కింద దాచిన జొన్నలు ఎక్కడికి పోతాయి? బండ తీశారు. మక్కిన వాసన గుప్పుమంది. ఆ పల్లెలోనే పుట్టిన మత్తయ్య దిగడానికి లుంగీ ఎగగట్టాడు.

మూసిన పాతరలో గాలి చెడుతుంది. ముందు దీపం దించి చూడాలి, ఆరితే మనిషి దిగకూడదు. అది అక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. కానీ తన వాకిట్లో మళ్ళీ నిప్పు ముట్టించనివ్వనని దుర్గవ్వ అడ్డం నిలబడింది. అగ్గి వద్దన్నది నువ్వే కదా అని మిగతావాళ్ళు జయశీలకే ఎదురుతిరిగారు. తన ఆర్డరు తన మెడకే చుట్టుకుంది.

“చిన్నప్పటి సంది దిగుతున్న. నాకేం గాదు,” అంటూ మత్తయ్య కాళ్ళు లోపలికి జారవిడిచాడు.

ఆమె అతని అంగీ కాలరు పట్టుకొని గుంజింది. తడి గోనెసంచులతో నలుగురిని చుట్టూ నిలబెట్టి, కరీం దగ్గరి లాంతరు ముట్టించి తాడుతో దించింది. మనిషెత్తు దిగిందో లేదో, వెలుగు ఎర్రబడి ఆరిపోయింది.

“గాలికి ఆరింది,” అన్నాడు మత్తయ్య.

“గాలి ఈడున్నది, దీపం లోపలున్నది. గాలికే అంటవా? అయితే నేనే దిగుత, జరుగు,” అంది జయశీల.

చీర కుచ్చిళ్ళు దోపి ఆమె ఒక కాలు నిజంగానే లోపల పెట్టింది. మత్తయ్య రెండు చేతులతో ఆమెను బయటికి లాగాడు.

“ఇద్దరికిద్దరు పిచ్చోళ్ళు,” అంది దుర్గవ్వ. వేప మండలు కొట్టించి మోపుగా కట్టి, తాడుతో పాతరలోకి దించి, బావిలో చేదలాగా పైకీ కిందికీ ఆడించి చెడిన గాలిని బయటికి తోడింది. తర్వాత ఆమె చేతిలోని తాడు అందరి చేతులూ మారింది. ఎండ వాలేదాకా ఆడిస్తూనే ఉన్నారు. పిల్లల ఏడుపొక్కటే వినిపించింది.

మళ్ళీ లాంతరు దించడానికి దుర్గవ్వ తనే జరిగి చోటిచ్చింది. ఈసారి వెలుగు అడుగుదాకా పోయి, జొన్నల మీద పచ్చగా నిలబడింది.

నడుముకు తాడు కట్టుకొని మత్తయ్య దిగాడు. ఆ తాడు కొస జయశీల తన అరచేతికి చుట్టుకొని, గంప తర్వాత గంప పైకొచ్చేదాకా వదల్లేదు. తడినేల మీద పెట్టిన ఒక్క పొయ్యికి ఒక్క అగ్గిపుల్ల ఇచ్చి పెట్టె మళ్ళీ సంచీలో వేసుకుంది.

పైకొచ్చిన మత్తయ్య ముందే చెప్పిన గదా అని కరీంతో గొప్పలు మొదలుపెట్టాడు. చేతులు మాత్రం ఇంకా వణుకుతున్నాయి. జయశీల మూట విప్పి, స్వెట్టరు తీసి అతని ఒళ్ళో పెట్టింది.