జాంజిబార్ కన్నా ముందు మోటబాయి

ఆదివారం పొద్దున అవ్వ బిక్షమ్మ చేత తలకు నూనె పెట్టించుకోవడం రూపకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నల్లగొండలో సైన్సు టీచరైనా సరే, మర్రిగూడకు వచ్చిందంటే నేల మీద కూర్చోవాల్సిందే. పీట మీద కూర్చుంటే అవ్వకు తల అందదు. బోరు నీళ్ల ఫ్లోరైడ్ బిక్షమ్మ నడుమును కొడవలిలా వంచేసి చాలా ఏళ్లయింది. నేల తప్ప, నిలబడ్డ మనిషి మొహం చూసే యోగం ఆమెకు లేదు. అందుకే రూప ఫోనును నేల మీద పెట్టి వీడియో చూపిస్తోంది.

"గదేందే, గోబిపువ్వా?"

"కాదవ్వా, పగడాలు. సముద్రంల ఉంటయి. గవి చూడనీకే జాంజిబార్ పోతున్నం. ఆఫ్రికాల ఉంటది. ఎండకాలం సెలవులల్ల నేను, మల్లిక, ఇంకిద్దరు టీచర్లం. వీపుకు గాలిడబ్బా కట్టుకొని నీళ్లల్ల మునుగుడు."

అవ్వ చెయ్యి ఆగిపోయింది. "మనల నీళ్లు మునగనిస్తయా బిడ్డా?"

అదీ అసలు గొడవ. రూప వాళ్ల వాడ మనుషులు దగ్గరికొస్తే నిలువ నీళ్లు దిగిపోతాయి. చెరువైనా అంతే, బాయైనా అంతే. కుండలోకి తోడిన నీళ్లకూ, నల్లా నీళ్లకూ ఆ జబ్బు లేదు. తాతల కాలంలో దూరం దూరం అని అదిలించింది మనుషులే. విని విని నీళ్లు కూడా నేర్చుకున్నాయి. తర్వాత మనుషులు మానేశారు, మానేశామని చెప్పుకున్నారు. నీళ్లు మానలేదు. ఊళ్లో దీన్ని ఎవరూ వింత అనుకోరు, వానాకాలం దోమల్ని అనుకోనట్టే. బాయి నీళ్లు అందక వాడంతా బోరు నీళ్లు తాగింది. ఇంటింటికీ నల్లాలు వచ్చేసరికి బిక్షమ్మ నడుము వంగడానికి ఇంకేం మిగల్లేదు.

జాంజిబార్‌లో డైవింగు నేర్పే జుమా వీడియో కాల్‌లో మర్యాదగానే చెప్పాడు. దేన్నీ పట్టుకోకుండా పది నిమిషాలు నీళ్ల మీద తేలుతూ వీడియో తీసి పంపాలి, లేకపోతే పడవ ఎక్కించడు. మల్లిక ఎప్పుడో పంపేసింది. రూపకు రేపే ఆఖరు. పంపకపోతే ఆమెను వదిలేసి మిగతా ముగ్గురూ వెళ్లిపోతారు.

నులకమంచం మీద వెల్లకిలా పడుకుని తేలడం నేర్చుకుంది రూప. నిన్న ధైర్యం చేసి నల్లగొండలో ఈతకొలనుకు వెళ్లింది. ఆమె పాదం పెట్టగానే నీళ్లన్నీ అడుగు జాలీలోంచి జారిపోయాయి. ఈదుతున్న పెద్దమనుషులు టైల్స్ మీద బోర్లా మిగిలిపోయారు. "ఏమనుకోకండి మేడం, నీళ్లు చేసే పనికి మేమేం చేస్తాం?" అని మేనేజరు నవ్వాడు. ఆ నవ్వుకు రూప ఒళ్లంతా కారం రాసినట్టయింది. ఏళ్ల తరబడి పిల్లలకు పగడాల పాఠం చెబుతోంది. ఒక్కసారి కళ్లారా చూడాలనుకోవడం కూడా తప్పేనా?

జుట్టు ముడేసుకుని లేచింది. "దశరథ్! తాడు తీస్కో. పటేలు మోటబాయికాడికి పోదాం," అని తమ్ముణ్ని కేకేసింది.

"నేను గూడ వస్త," అని బిక్షమ్మ కర్ర అందుకుంది.

బాయి గల రఘుపతి పటేలు యాపచెట్టు కింద పండ్లు తోముకుంటున్నాడు. సంగతి విని పుల్ల ఊసేశాడు.

"దిగు బిడ్డా, ఎవలొద్దన్నరు? గిది మా నాయిన కాలం గాదు. నేనెన్నడన్న అడ్డమొచ్చిన్నా? నీళ్లే ఉండవాయె. నీళ్లకు మనం చెప్తమా?"

"ఎవలు చెప్పకుంటె నీళ్లకెట్ల ఎరికైంది పటేలా?"

"నీకు సదువెక్కువైంది," అని నవ్వాడాయన. భలే ఏర్పాటు! పాపమంతా నీళ్లది, మంచితనమంతా పటేలుది.

దశరథ్ అక్క నడుముకు తాడు కట్టి, రెండో కొస రాతిస్తంభానికి చుట్టి, ఫోను పట్టుకుని నిలబడ్డాడు. బిక్షమ్మ పై మెట్టు మీద కూర్చుంది. రూప ఒక మెట్టు దిగింది. నీళ్లు రెండు మెట్లు దిగాయి. ఆమె మళ్లీ దిగింది, అవీ మళ్లీ దిగాయి. అప్పుడిక ఆపుకోలేకపోయింది.

"పో! ఇంకా పో! యాడిదాంక పోతవో నేనూ చూస్త! కుక్క వడితె తప్పుకోవు. సచ్చిన పాము తేలుతది నీ లోపట. నేనొస్తెనే నీకు అంటు ఐతదా? మా అవ్వ నడుము ఇరిచినవు, ఇంకా కడుపు నిండలేదా? సిగ్గు లేదా నీకు?"

"అక్కా, ఇగ సాలు, పైకి రా!"

"వచ్చుడు లేదు!"

దిగుతూనే ఉంది, తిడుతూనే ఉంది. చివరి మెట్టు అయిపోయి మోకాళ్లలోతు బురద వచ్చింది. ఓ మూల పళ్లెమంత నీళ్లు మిగిలాయి. ఆమె అటు అడుగేయగానే అవి కూడా భూమిలో ఇంకిపోయాయి. ఎంతటి కరువులోనూ ఆ బాయి అడుగు ఎవరూ చూడలేదు.

"ఓ పిల్లా! బాయి ఎండవెట్టినవు గదే! నా బత్తాయి తోటకేం పొయ్యాలె?" అని పైనుంచి రఘుపతి అరిచాడు. నీళ్లు తనవని ఇప్పుడు గుర్తొచ్చిందాయనకు.

రూప బురదలో కూలబడి ఏడ్చింది. అది దుఃఖం కాదు, కోపం. నాలుగు వైపులా రాతిగోడలు, కొట్టడానికి ఎవరూ లేరు.

మడమకు చల్లగా ఏదో తగిలింది. రాతి పగులులోంచి సన్నటి ఊట. పైన అంత నీళ్ల బరువు ఉన్నన్నాళ్లూ బయటికి రాలేకపోయిన ఊట. రూప ఉలిక్కిపడి కాలు లాక్కుంది. నీళ్లు మాత్రం వెనక్కి పోలేదు, కాలు వెంటే వచ్చాయి. అప్పుడే భూమిలోంచి పుట్టిన నీళ్లవి. ఈ ఊరు వాటికి కొత్త. ఎవరిని చూసి తప్పుకోవాలో వాటికింకా ఎవరూ నేర్పలేదు.

పిక్కలు మునిగాయి, నడుము మునిగింది. గొంతు దాకా వచ్చేసరికి ఆమె నులకమంచం మీద నేర్చుకున్నట్టే తల వెనక్కి వాల్చి చేతులు చాపింది. నీళ్లు ఆమెను ఎత్తుకున్నాయి. మెట్టు మెట్టూ ఎక్కిస్తూ పైకి తెచ్చాయి.

"నవ్వు అక్కా, వీడియో తీస్తున్న!" అన్నాడు దశరథ్. రూప నవ్వలేదు.

పది నిమిషాలు దాటాక ఆమె ఒడ్డెక్కి వీడియో పంపింది. జుమా వెంటనే జవాబిచ్చాడు: బాగా తేలారు, వచ్చేయండి. కానీ అంత కోపంగా ఎందుకు తేలారు?

బాయి పై మెట్టు దాకా నిండింది. బిక్షమ్మ చెయ్యి చాచింది. ఎప్పుడూ వంగే ఉండే మనిషి, నీళ్లకోసం కొత్తగా వంగాల్సిన పని లేదు. దోసిలి పట్టి తాగింది. మళ్లీ తాగింది.

"సూసినవా అవ్వా, అంత మంచిగైంది. బాయి అందరిదని నేను మొదలే చెప్పిన గద," అన్నాడు రఘుపతి.

"రఘుపతీ," అంది బిక్షమ్మ. పుట్టి బుద్ధెరిగాక పటేలా అనడమే గాని, ఆమె నోట ఆ పేరు ఏనాడూ రాలేదు. "ఇట్ల కింద కూసో. నేను తల ఎత్తలేను. నీ మొకం నాకు కనవడాలె."

ఆయన అటూ ఇటూ చూసి, పంచె సర్దుకుని ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"గీ నీళ్లు గింత తియ్యగుంటయని మీకు ఎన్నేండ్ల సంది ఎరికె?"

రఘుపతి తల దించుకున్నాడు. దించుకుంటే ఆ మొహం ఆమెకు ఇంకా బాగా కనబడింది.