రెండు తాళాలు

తెగిన పోగును నాలుకతో తడిపి, సోమలింగం చూడకుండానే ముడివేశాడు. మరమగ్గం మళ్లీ దడదడలాడింది. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. చెవులు సగం పోయాయి, చూపుడువేలి కొస నున్నబడింది. ఇన్నేళ్లలో జానెడు పోగైనా పారేయలేదని అతని గొప్ప.

కరోనా రెండో ఏడు. సూరత్ గోడాదరాలోని ఆ కార్ఖానా షట్టరును సేఠ్ దించేశాడు. లోపలే తిని, లోపలే పడుకుని నేసేవాళ్లకే పని. బయటికి పోయినవాడు మళ్లీ రానక్కర్లేదు. సోమలింగం పోలేదు. అదే ఊళ్లోని నవాగామ్‌లో కూతురు ప్రసన్న ఇంట్లో భార్య పోశమ్మ ఊపిరాడక ఎగపోస్తున్నా పోలేదు.

ఆస్పత్రిలో చేర్చుకోవాలంటే ముందు డబ్బు కట్టాలన్నారు. పోశమ్మ బంగారు గుండ్లపేరు అతని రేకుపెట్టెలో ఉంది. తల్లిని వదిలి ప్రసన్న కదిలే వీల్లేదు; అది తీసుకుపోగలిగినవాడు రెండుచోట్లా పాలు వేసే నర్సింగం ఒక్కడే. పోయిన ఏడు అందరి రేషన్ బియ్యం అమ్ముకున్న ఘనుడు. పెట్టెతోపాటు తాళంచెవి కూడా వాడికిస్తే దొంగ చేతికి ఇల్లప్పజెప్పినట్టే.

“తాళమేసి పంపు బాపూ, నేను రాయితోటి పలగ్గొట్టుకుంట,” అంది ప్రసన్న ఫోనులో.

“వద్దు బిడ్డా. నేను సూరత్ల దిగిన్నాడు కొన్న ఇత్తడి తాళమది. జర ఆగు, ఉపాయం జెప్త.”

ఉపాయం అతనికే తట్టింది. “నా తాళం మీద నీ తాళం గూడ ఏసి వాపస్ పంపు. నాది నేను తీసి మల్ల పంపుత. ఇగ నీ తాళమే ఉంటది, నీ చెవితోటి తీస్కో. నర్సింగానికి ఏ చెవీ దొరకది.”

బడి మొహం చూడని తన బుర్రకు అతనే మురిసిపోయాడు. పక్క మగ్గం మీది శివకృష్ణకు రెండుసార్లు చెప్పాడు.

నిన్న పొద్దున పోయిన పెట్టె, ఈ పొద్దున రెండు తాళాలతో తిరిగొచ్చింది. సోమలింగం తన తాళం తీసి, మగ్గం నూనె రాసి, జేబులో వేసుకున్నాడు. పెట్టె మళ్లీ నర్సింగం చేతికిచ్చాడు.

మధ్యాహ్నం వేళకాని వేళలో నర్సింగం కిటికీ దగ్గర నిలబడ్డాడు. చేతిలో అదే పెట్టె.

“అత్త పొద్దుగాల్నే పోయింది మామా. నేను పోయేసరికే మున్సిపాలిటోళ్లు తీస్కపోయిన్రు.”

సోమలింగం, “ప్రసన్నేమన్నది?” అన్నాడు.

“తాళం గూడ తియ్యలే. బాపుకే ఇయ్యి, ఆయన తాళం ఖరాబు గాలే గద, అడుగు అన్నది.” నర్సింగం పెట్టెను కిటికీలోంచి లోపలికి తోశాడు. “ఊపి చూస్కో. మల్ల నన్నంటవ్.”

సోమలింగం నిజంగానే ఊపి చూశాడు. గుండ్లు గలగలమన్నాయి. ఆ చప్పుడుకు తన మీద తనకే రోత పుట్టింది.

వెనక మగ్గం ఆగిపోయింది. పోగు తెగింది. సేఠ్ కేకేశాడు. సోమలింగం పెట్టెను కిటికీ దిమ్మె మీద పెట్టి, జేబులో బరువైనదాన్ని కూడా తీసి దాని మీద పెట్టి, పోగు ముడివేయడానికి పోయాడు.

కూతురి తాళం వేలాడుతున్న పెట్టె మీద, ఒక్క గీతైనా పడని ఇత్తడి తాళం. నూనె తడి ఇంకా ఆరలేదు.